ఒకే కార్డు, రెండు ముక్కులు

కంపెనీ దవాఖాన ల్యాబ్‌కు డిసెంబరు మొదటి వారంలో ఒక మెషిన్ వచ్చింది. చూడ్డానికి ఏమంత లేదు, పెళ్ళిళ్ళలో కానుకగా ఇచ్చే మిక్సీ డబ్బా కన్నా కాస్త పెద్దది. హైదరాబాద్ నుంచి ఇంజనీరు వచ్చి, బిగించి, టీ తాగి వెళ్ళిపోయాడు. పోతూ పోతూ అతను చెప్పిన మాటను మాత్రం ల్యాబ్ టెక్నీషియన్ కెరోలిన్ మరిచిపోలేదు.

"ముక్కుల పుల్ల పెట్టి తీసిన చెమ్మ ఇండ్ల వేసి మూత పెట్టుండ్రి మేడం. యాభై నిమిషాలు. నాలుగు వైరస్‌లల్ల ఏది ఉన్నా, ఇసుమంత ఉన్నా పట్టేస్తది."

గోదావరిఖనిలో దగ్గంటే ఎవరికీ లెక్క లేదు. దగ్గు వస్తే బొగ్గు అంటారు, జ్వరం వస్తే చలి అంటారు, రెండూ కలిసి వస్తే వయసు మీద పడింది అంటారు. డాక్టర్లు కాస్త అనుమానపడి శాంపిల్ తీయిస్తే, దాన్ని ఐస్ డబ్బాలో పెట్టి వరంగల్ పంపేవారు. రిపోర్టు మూడో రోజో నాలుగో రోజో వచ్చేది. నిరుడు బొగ్గు టబ్బులు లాగే ఒక హాలేజీ కార్మికుడి రిపోర్టు, అతను పోయాక పదకొండో రోజు నాడు వచ్చింది. ఎవరి చేతికివ్వాలో తెలియక కెరోలిన్ దాన్ని వారం రోజులు డ్రాయర్‌లో పెట్టుకుంది. పావుగంటలో తేల్చే చిన్న పట్టీ టెస్టులు ఉన్నాయి గానీ వాటికి చూపు ఆనదు. వైరస్ ఇల్లంతా నిండితే తప్ప వాటికి కనబడదు.

మెషిన్‌తో ఇంకో సుఖం కూడా వచ్చింది. రిపోర్టు రాసి, సంతకం పెట్టి, వార్డుకు మోసుకుపోయే పని తప్పింది. మెడికల్ కార్డు నంబరు కొడితే చాలు, ఫలితం తేలగానే దానంతటదే డాక్టరు ఫోన్‌లో పడుతుంది. ఆ సుఖమే కెరోలిన్ కొంప ముంచింది.

జనవరిలో ఒక మంగళవారం, పొద్దున తొమ్మిది గంటలకు, ఆమె తండ్రి సామ్యేల్ ల్యాబ్ తలుపు దగ్గర నిలబడ్డాడు. దవాఖాన గడప తొక్కడమంటే ఆయనకు పడదు. అలాంటిది ఇంకో ముసలాయన్ని భుజాన వేసుకుని మరీ వచ్చాడు. ఆ ముసలాయన ఒళ్ళు కాలిపోతోంది, మాటకో ఆయాసం.

"బిడ్డా, వీడు ఆగయ్య," అన్నాడు సామ్యేల్.

కెరోలిన్ తల ఎత్తి ఆ ముసలాయన్ని చూసింది. ఆగయ్య అనే పేరును ఆమె రాయడం వచ్చినప్పటి నుంచీ రాస్తూనే ఉంది. బడి ఫారంలో తండ్రి పేరు ఆగయ్య. ఉద్యోగం కాగితాల్లో తండ్రి పేరు ఆగయ్య. ఆ పేరు గల మనిషిని చూడటం మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి.

ఈ బొగ్గు ఊళ్ళలో మారుపేరు వింతేమీ కాదు. నలభై నాలుగేళ్ళ కింద గోదావరి అవతలి పల్లెలో ఉండే ఆగయ్యకు బొగ్గుబాయి పనికి, అంటే గనిలో కొలువుకు, రమ్మని కాగితం వచ్చింది. పేరు ఇచ్చిన చోటికి వెళ్ళాడు, దిగే చోట నిలబడి కిందికి చూశాడు, ఆ చీకట్లోంచి నల్లగా ఎక్కి వస్తున్న మనుషుల్ని చూశాడు. అంతే, తువ్వాల నెత్తికి చుట్టుకుని మూడు గంటలు నడిచి ఊరికి తిరిగొచ్చాడు. ఆ కాగితాన్ని దోస్తు సామ్యేల్ చేతిలో పెట్టి, "నువ్వు పోరా, నాతోని గాదు" అన్నాడు. మర్నాటి నుంచి సామ్యేల్ బాయి దగ్గర ఆగయ్య అయ్యాడు. ఆదివారం చర్చిలో మాత్రం సామ్యేల్. ముప్పై నాలుగేళ్ళు తట్టా, చెమ్మస్ పారా పట్టి బొగ్గు ఎత్తి, ఊపిరి చాలక అన్‌ఫిట్ అయితే, ఆయనకు బదులుగా కంపెనీ ఉద్యోగం బిడ్డ కెరోలిన్‌కు వచ్చింది. తండ్రి మందులు, బిడ్డ ఉద్యోగం, అన్నీ ఆ ఒక్క పేరు మీదే నడుస్తున్నాయి.

"ఏమైంది కాకకు?" అంది కెరోలిన్ గొంతు తగ్గించి.

"నిన్న పొద్దుగాల నుంచి జరం. ఊళ్ళె ఆర్ఎంపీ ఆ పట్టీ టెస్టు చేసిండట, ఏం లేదన్నడట. వీని కొడుకు బొంబాయిల ఉన్నడు. వీడు నాకు ఫోన్ చేసిండు. నేను వొయ్యి తీస్కొచ్చిన."

"బయట ప్రైవేటుకు తీస్కపోవద్దా బాపు?"

"ఆడ ముక్కుల పుల్ల పెట్టి హైదరాబాద్ పంపుతరు. ఎల్లుండికి గాని రాదు. అప్పటిదాక వీడుంటడా?" సామ్యేల్ అంగీ జేబులోంచి తన మెడికల్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. "కార్డు మీద పేరెవరిది? వానిదే. వాళ్ళయ్య పేరెవరిది? వానిదే. ఊరు వానిదే. ఒక్క ఫోటోనే గద నాది."

కెరోలిన్‌కు ఒళ్ళు మండింది. ముసలివాళ్ళు ఎప్పుడూ ఇంతే, చేసేదంతా చేసి చివర్న పిల్లల నెత్తిన పెడతారు. తన ఉద్యోగం పోతే తన ఇద్దరు పిల్లల గతేమిటని ఆయన ఒక్క క్షణమైనా ఆలోచించాడా? ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఇంతలో ఆగయ్య గోడకు చేయి ఆనించి దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు ఆగాక, "పోనీ తియ్ బిడ్డా, ఇంటికి వోత," అన్నాడు. వేలికి మీటరు పెట్టి చూస్తే ఆక్సిజన్ ఎనభై ఆరు ఉంది.

ఆమె కార్డు తీసుకుంది.

ఓపీ కిటికీ దగ్గర గుమాస్తా కిషన్ నంబరు చూశాడు గానీ ఫోటో చూడలేదు. చూసినా ఒరిగేదేమీ లేదు. ఎన్నో వానల్లో తడిసిన ఆ ఫోటోలో మీసం తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఆయా అనసూర్య మాత్రం చూసింది. సామ్యేల్ వాళ్ళ క్వార్టరు పక్క క్వార్టరే ఆమెది. చూసి, చూడనట్టు తల తిప్పుకుని స్ట్రెచర్ తోసింది. ఆమె మొగుడిది కూడా మారుపేరే.

పదకొండు గంటల లోపే మెషిన్ తేల్చేసింది. పట్టీ టెస్టుకు కనబడని ఫ్లూ ఇక్కడ పట్టుబడింది. డాక్టర్ ప్రశాంత్ వెంటనే మందు మొదలుపెట్టించి, ఆగయ్యను వేరే గదిలో, ఒక్క మంచం ఉన్న గదిలో పడుకోబెట్టించాడు. జ్వరం వచ్చిన రెండు రోజుల్లోపు మొదలుపెడితేనే ఆ మందు బాగా పనిచేస్తుందని, ఇంకో రోజు ఆగి ఉంటే చెప్పలేకపోయేవాడినని అన్నాడు. సామ్యేల్ కళ్ళు తుడుచుకున్నాడు. కెరోలిన్‌కు కోపం సగం తగ్గింది. మిగతా సగం తగ్గేలోపు ఎక్స్‌రే వచ్చింది.

ప్రశాంత్ హన్మకొండ పిల్లాడు, వచ్చి ఏడాది కాలేదు. మాటకు ముందు ఉత్సాహం. ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, కార్డు చూసి, మళ్ళీ ఎక్స్‌రే చూశాడు.

"కెరోలిన్ గారూ, గిది చూడుండ్రి. ఒక పక్క కొద్దిగ నిమ్ము, అది ఫ్లూ. మిగతాదంత అద్దం లెక్క ఉన్నది! ముప్పై నాలుగేండ్లు బాయిల చేసిన మనిషి ఈయన. బొగ్గు మచ్చ ఒక్కటంటే ఒక్కటి లేదు. ఎట్ల?"

"ఏమో సార్," అంది కెరోలిన్.

"తాతా, ఏ బాయిల చేసినవ్?" అనడిగాడు ప్రశాంత్.

ఆగయ్య సామ్యేల్ వైపు చూశాడు. పక్కనున్న సామ్యేల్ అందుకుని, "రెండో ఇంక్లైన్ బాయి సార్, ఫిల్లర్, టబ్బులల్ల బొగ్గు నింపేటోడు," అన్నాడు.

"ఏం తినేటోనివి తాతా? బెల్లమా?"

"పజ్జొన్న గటుక," అన్నాడు ఆగయ్య. అదొక్కటే నిజం.

ప్రశాంత్ దాన్ని డైరీలో రాసుకున్నాడు. ఆ సాయంత్రానికల్లా దవాఖాన అంతా చెప్పేశాడు, ఇట్లాంటి కేసు దేశంలో ఇంకోటి ఉండదని, పత్రికకు రాస్తానని, పెద్ద డాక్టరు గారికి చూపిస్తానని. నర్సులు వంతులవారీగా వచ్చి ఆ వింత మనిషిని చూసిపోయారు. ఆగయ్య దుప్పటి ముసుగు తన్నాడు. కెరోలిన్ ఆ రెండు రోజులూ అన్నం సరిగా తినలేదు.

శుక్రవారం నాటికి ఆగయ్య లేచి కూర్చున్నాడు. ఒళ్ళు ఇంకా కాస్త వెచ్చగానే ఉంది, దగ్గు ఉంది, కానీ మనిషి మాత్రం మనిషిలో పడ్డాడు. అదే పొద్దున సామ్యేల్ మంచం దిగలేదు. మూడు రోజులుగా దోస్తు పక్కనే కూర్చుని, మాస్కు పెట్టుకోమంటే గడ్డానికి పెట్టుకుని, చేత్తో గంజి తాగించిన మనిషి ఆయన. ఇప్పుడు ఒళ్ళు వెచ్చబడింది, గొంతు బొంగురుపోయింది. ఆయన ఊపిరితిత్తులు ఎలాంటివో కెరోలిన్‌కు తెలుసు. ఆ ఊపిరికి ఫ్లూ సోకితే ఇక అంతే సంగతులు.

దవాఖానకు తేవాలంటే కార్డు కావాలి. కార్డు ఆగయ్యతో పాటు మంచమెక్కి ఉంది. కాగితాల ప్రకారం ఆమె తండ్రి ఆల్రెడీ ఒక్క మంచం గదిలో పడుకుని ఉన్నాడు. టెస్టు లేకుండానే మందు ఇద్దామంటే, రాసిచ్చే డాక్టరు ప్రశాంత్ ఒక్కడే, అతను ఎవరికని అడుగుతాడు. బయట శాంపిల్ ఇస్తే ఫలితం సోమవారానికి వస్తుంది.

ఆమె ఇంట్లోనే తండ్రి ముక్కులో పుల్ల పెట్టి, శాంపిల్‌ను పర్సులో వేసుకుని డ్యూటీకి వచ్చింది. మెషిన్‌లో పెట్టే డబ్బీలు నెలకు నలభై వస్తాయి. చలికాలం గిరాకీకి అన్నీ అయిపోయి ఒక్కటి మిగిలింది, కొత్తవి సోమవారం గాని రావు. ఆ ఒక్కటీ తీసింది. మెషిన్ నంబరు అడిగింది. వేళ్ళు వాటంతటవే చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన నంబరును కొట్టేశాయి. తండ్రికి ఉన్నదే ఆ ఒక్క నంబరు. 'రెండోసారి టెస్టు' అనే చోట నొక్కింది. ఫలితం తాను చూసుకుని ఊరుకుంటే సరిపోతుందనుకుంది. ఇన్నేళ్ళూ ఆమె సంతకం పడే దాకా ఏ ఫలితమూ ఆ గది దాటి పోయింది లేదు. ఆ అలవాటు ఆమె చేతిలో ఉంది, మెషిన్‌కు లేదు.

యాభై నిమిషాల తర్వాత నాలుగు వరుసల్లోనూ లేదు, లేదు, లేదు, లేదు అని వచ్చింది. "ప్రభువా, స్తోత్రం!" అంది పైకే. వెంటనే ఇంటికి ఫోన్ చేసింది.

"బాపూ, ఫ్లూ లేదు. ఉత్త పడిశమే. ఫికర్ చెయ్యకు, వేడి నీళ్ళు తాగి పండుకో."

"పండుకునుడేంది, ఆగయ్యకు జావ తెస్తున్న, ఆటోల ఉన్న," అన్నాడు సామ్యేల్.

ఆయన్ని తిట్టి ఫోన్ పెట్టి, చేతులు కడుక్కుని కారిడార్లోకి వచ్చింది కెరోలిన్. ఎదురుగా అనసూర్య స్ట్రెచర్ తోసుకొస్తోంది. స్ట్రెచర్ మీద ఆగయ్య ఉన్నాడు.

"ఏడికక్కా?"

"పెద్ద వార్డుకు. ఈయనకు రోగం పోయిందట గద, మిషన్ చెప్పిందట. ఆ ఒక్క మంచం గది ఎవలికో కావాల్నట."

కెరోలిన్ స్ట్రెచర్‌కు అడ్డం నిలబడింది. పెద్ద వార్డంటే బొగ్గు దుమ్ము ఊపిరి నిండా పేరుకుపోయిన పాత కార్మికుల వార్డు. తొమ్మిది మంచాల్లో ఒకటే ఖాళీ, మిగతా ఎనిమిదింటికీ ఆక్సిజన్ గొట్టాలు. వాళ్ళందరికీ పొద్దున ఆమే రక్తం తీసింది. మూడో మంచం నర్సింగం కాకకు మెట్లెక్కే ఊపిరి కూడా లేదు. ఫ్లూ ఇంకా తగ్గని మనిషిని తీసుకెళ్ళి ఆ ఎనిమిది మంది మధ్యలో దించబోతున్నారు.

"ఆగక్కా, జర ఆగు!"

వెనకే ప్రశాంత్ వచ్చాడు, చేతిలో ఫోన్, అందులో మెషిన్ పంపిన ఫలితం. "ఏమైంది కెరోలిన్ గారూ? నెగెటివ్ వచ్చింది గద, మీరే చేసిండ్రు గద."

"శాంపిల్ సరిగ రాలేదేమో సార్. ఇంకోపారి చూస్త."

"సరిగ రాకుంటే మిషన్ చెప్తది గద. శాంపిల్ మంచిగున్నదనే చూపెడుతున్నది. అయినా చెయ్యాలంటే డబ్బీలు ఏవి? ఒక్కటే మిగిలిందని పొద్దున మీరే చెప్పిండ్రు." ప్రశాంత్ నవ్వాడు. "అది అబద్ధం చెప్పే మిషన్ గాదు."

నిజమే, అది అబద్ధం చెప్పలేదు. దానికి ఏ ముక్కు ఎవరిదో తెలియదు, అంతే. కెరోలిన్ స్ట్రెచర్ కడ్డీని పట్టుకుంది. వదిలేస్తే ఏమీ కాదేమోననిపించింది. మూడు రోజుల మందు పడింది, అందరికీ మాస్కులు పెట్టిస్తే సరిపోతుందేమో. ఉద్యోగం ఉంటుంది, తండ్రి మందులు ఉంటాయి. వార్డు తలుపు సగం తెరిచి ఉంది. లోపల్నుంచి నర్సింగం చేయెత్తి, "బిడ్డా, నా నెత్తురు ఎట్లున్నది?" అని అరిచాడు.

"మంచిగున్నది కాకా!" అంది. అని, ప్రశాంత్ వైపు తిరిగి, "సార్, ఆ శాంపిల్ ఈయనది గాదు," అంది.

"మరి ఎవరిది?"

"మా బాపుది."

ప్రశాంత్‌కు అర్థం కాలేదు. "మీ బాపు శాంపిల్ ఈయన నంబరు మీద ఎట్ల పెడతరు? మీ బాపు పేరేంది?"

కెరోలిన్ కడ్డీని వదల్లేదు. ఇన్నేళ్ళలో ఈ ప్రశ్నకు ఆమె ఎన్నోసార్లు జవాబు చెప్పింది, రాసింది, సంతకం పెట్టింది. అన్నిసార్లూ ఆగయ్య అనే.

"సామ్యేల్, సార్."

వెనక నుంచి వచ్చింది ఆ మాట. సామ్యేల్ జావ గిన్నె కింద పెట్టి, మాస్కు మూతి మీదికి సరిగ్గా లాక్కుని నిలబడ్డాడు. "సామ్యేల్ నేను. ఆ పండుకున్నోడు ఆగయ్య. వాని పేరు మీద నేను కొలువు చేసిన. బిడ్డకేం తెల్వదు, తప్పంతా నాది." అని రెండు చేతులూ ముందుకు చాపాడు. ముంజేతుల నిండా, వేళ్ళ కణుపుల మీదా నీలం మచ్చలు. బొగ్గు కోసుకుపోయి, చర్మం కింద బొగ్గు ఉండిపోతే పడే మచ్చలవి. ఎన్ని సబ్బులు రుద్దినా పోవు. స్ట్రెచర్ మీద దుప్పటి బయటికి వచ్చిన ఆగయ్య చేతుల మీద ఎండ, మట్టి తప్ప ఇంకేమీ లేవు.

ప్రశాంత్ ఆ నాలుగు చేతులనూ చూశాడు. పాపం, పత్రికకు రాయబోయిన వింత అంతా అతని కళ్ళ ముందే కరిగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి.

"అనసూర్యక్కా, ఈయన్ని మల్ల ఆ గదికే తీస్కపో," అన్నాడు. "మందు ఐదు రోజులూ పడాలె." తర్వాత కెరోలిన్‌తో, "తప్పు నంబరు మీద ఫలితం పోయింది. నేను పైకి రాయక తప్పదు, తెలుసు గద?" అన్నాడు.

"రాయుండ్రి సార్," అంది కెరోలిన్.

అతను రాశాడు. ఆగయ్య ఆదివారం ఇంటికి పోయాడు. పెద్ద వార్డులో ఎవరికీ జ్వరం రాలేదు. ఫిబ్రవరి రెండో వారంలో కెరోలిన్‌కు నోటీసు వచ్చింది. సర్వీసు రికార్డులో ఉన్న తండ్రి పేరు నిజమైనదేనా కాదా, ఏడు రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలని దాని సారాంశం. కార్డు ఆపేశారు. కాలనీలో కొందరు ఆమెను జాలిగా చూశారు, మారుపేర్లు ఉన్నవాళ్ళు మాత్రం కోపంగా చూశారు. ఒక్కరి గుట్టు బయటపడితే అందరి తలుపులూ కొడతారని వాళ్ళ భయం. అదీ నిజమే.

సామ్యేల్ పడిశం తగ్గింది గానీ దగ్గు తగ్గలేదు. ప్రశాంతే కబురు పంపాడు, ఒకసారి తీసుకురమ్మని. ఆ రోజే ఆగయ్య కూడా చూపించుకోవడానికి వచ్చాడు. ఇద్దరూ కార్డు లేనివాళ్ళ కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డారు. లోపల కిషన్ తల ఎత్తకుండా అడిగాడు.

"పేరు?"

"సామ్యేల్." కిటికీలోపల రాసుకోవడం పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. "సరిగ రాసినవా కొడుకా?" అని అడిగి మరీ పక్కకు జరిగాడు.

ఎక్స్‌రే వచ్చాక ప్రశాంత్ రెండు ఫిల్ములనూ ఒకదాని పక్కన ఒకటి వెలుతురుకు తగిలించాడు. మొదటిది, ఆగయ్యది, తేటగా ఉంది. రెండోదాంట్లో పై నుంచి కింది దాకా, రెండు వైపులా, పిడికిలితో గింజలు చల్లినట్టు మచ్చలు. కొన్ని చోట్ల అవి కలిసిపోయి గడ్డ కట్టాయి. ప్రశాంత్ పక్కకు జరిగి అందరికీ కనబడనిచ్చాడు. అది అర్థం కావడానికి ఆ గదిలో ఎవరికీ డాక్టరు చదువు అక్కర్లేదు.

ఆగయ్య లేచి దగ్గరికి వెళ్ళాడు. ఆ రెండో ఫిల్మును చాలాసేపు చూశాడు. వేలు పెట్టి ఒక మచ్చను తాకాడు, తాకి వేలు వెనక్కి తీసుకున్నాడు.

"అరేయ్ సామీ," అన్నాడు. "ఇది నాకు రావాల్సింది గదరా."

సామ్యేల్‌కు దగ్గు వచ్చింది. తువ్వాల అడ్డం పెట్టుకుని, అయ్యేదాకా దగ్గి, మూతి తుడుచుకున్నాడు.

"నీ పేరు మీద బువ్వ నేను తిన్న," అన్నాడు. "బొగ్గు నీకెట్లొస్తది? కూసో, నిలవడకు."

ఆగయ్య కూర్చున్నాడు. సామ్యేల్ అతని దుప్పటిని భుజాల మీదికి సర్దాడు. కెరోలిన్ తలుపు దగ్గరే నిలబడి నోటీసు మడత విప్పింది. జవాబు రాయడానికి ఇంకా రెండు రోజుల గడువుంది గానీ, ప్రశాంత్ బల్ల మీది పెన్ను అడిగి తీసుకుని, గోడకు ఆనించుకుని, తండ్రి పేరు అన్న చోట సామ్యేల్ అని రాసింది.